సుత్తి పక్కన పెట్టండి!

పాత పోర్షే 911 వెనక మూత ఎత్తితే మొదట కనిపించేది ఇంజిన్ కాదు, ఓ పెద్ద ఫ్యాను. కారుకు కరెంటు ఇచ్చే ఆల్టర్నేటర్ ఆ ఫ్యాను నడిబొడ్డున దాక్కుని ఉంటుంది. ముప్ఫై, నలభై ఏళ్లు కదలకుండా కూర్చున్నాక దాన్ని బయటికి తీయాలంటే తలపండిన మెకానిక్కులు కూడా ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు. కండబలం చూపిస్తే అక్కడ పని చెడుతుంది.

డ్యాష్‌బోర్డు మీద ఛార్జింగ్ దీపం ఎర్రగా వెలిగితే చాలామంది డ్రైవర్లు పెద్దగా కంగారు పడరు. ఏసీ కట్టేసి, బ్యాటరీలో మిగిలిన కరెంటుతోనే దగ్గర్లోని షెడ్డు దాకా నెట్టుకొస్తారు. 1980ల చివరి వరకూ వచ్చిన పోర్షే 911లో మాత్రం ఆ సాహసం చేయకూడదు. ఆ దీపం వెలిగిందంటే బెల్టు తెగి ఉండొచ్చు. బెల్టు తెగితే ఫ్యాను ఆగిపోతుంది. ఫ్యాను ఆగితే ఇంజిన్‌ను చల్లబరిచే నాథుడుండడు. ఆ కారుకు రేడియేటర్ లేదు, నీళ్లూ లేవు. ఉన్నదల్లా గాలి, కొంత సాయం చేసే ఇంజిన్ ఆయిల్. కాబట్టి దీపం వెలిగిన వెంటనే బండిని పక్కకు తీసి, ఇంజిన్ ఆపి, దిగి వెనక మూత ఎత్తి చూడాలి.

ఒక్క దీపం రెండు కబుర్లు చెప్పడానికి కారణం ఆ ఇంజిన్ కూర్పులోనే ఉంది. కరెంటు తయారుచేసే ఆల్టర్నేటర్‌కీ, చల్లగాలి విసిరే ఫ్యానుకీ ఇరుసు ఒకటే, బెల్టు ఒకటే. కారు కొత్తగా ఉన్నన్నాళ్లూ ఈ పొందికను ఎంత మెచ్చుకున్నా తక్కువే. నాలుగు దశాబ్దాల తర్వాత ఆల్టర్నేటర్ బేరింగులు కీచుమనడం మొదలైనప్పుడు అసలు కథ మొదలవుతుంది.

ఒకే ఇరుసు, రెండు కొలువులు

1963 సెప్టెంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ మోటార్ షోలో పోర్షే కొత్త కారును చూపించింది. అప్పుడు దాని పేరు 901. నడుమ సున్నా ఉన్న మూడంకెల పేర్లు తమవని ఫ్రాన్స్ కంపెనీ పెజో అభ్యంతరం చెప్పడంతో 911 అయింది. ఒంటి తీరు ఫెర్డినాండ్ అలెగ్జాండర్ పోర్షేది. ఇంజిన్ వెనక ఫెర్డినాండ్ పియెక్, హాన్స్ మెజ్గర్ లాంటి ఇంజినీర్ల చేయి ఉంది. 2 లీటర్ల ఇంజిన్, 130 హార్స్‌పవర్, అటు మూడు ఇటు మూడు అడ్డంగా పడుకుని ఉన్న ఆరు సిలిండర్లు.

ఆరు సిలిండర్లకూ సమానంగా గాలి అందించడం చిన్న విషయం కాదు. వోక్స్‌వ్యాగన్ బీటిల్‌లోనూ, 911కి ముందొచ్చిన పోర్షే 356లోనూ జనరేటర్ ఇరుసు కొసకే ఫ్యాను తగిలించేవారు. 911లో ఆ ఆలోచనను ఇంకాస్త ముందుకు తీసుకెళ్లారు. ఫ్యానును ఇంజిన్ వెనక నిటారుగా నిలబెట్టి, దాని చుట్టూ లోహపు పోత హౌసింగ్ కట్టి, ఆల్టర్నేటర్‌ను హౌసింగ్ నడుమ వలయంలోకి దూర్చారు. ఇంజిన్ జోరుగా తిరిగేటప్పుడు ఈ ఫ్యాను సెకనుకు వెయ్యి లీటర్లకు మించి గాలి తోస్తుంది. పైనున్న ఫైబర్ గ్లాస్ మూత ఆ గాలిని సిలిండర్ల మీదికి మళ్లిస్తుంది.

ఈ హౌసింగ్ ఎలా ఉంటుందో ఒకసారి దగ్గరగా చూడాలి, ఎందుకంటే తర్వాతి ప్రమాదమంతా దీని ఆకారంలోనే పొంచి ఉంది. బయట ఓ పెద్ద వలయం. లోపల, ఆల్టర్నేటర్ కూర్చునే చిన్న వలయం. రెంటినీ కలుపుతూ వంపు తిరిగిన పలుచని రెక్కలు. ఈ రెక్కలు తిరగవు. ఫ్యాను విసిరిన గాలి సుడులు తిరగకుండా దారిలో పెట్టడం వాటి పని. లోపలి వలయం, అందులోని ఆల్టర్నేటర్, దాని ఇరుసు మీది ఫ్యాను... ఇన్నింటి బరువూ ఆ పలుచని రెక్కల మీదే నిలబడి ఉంటుంది. రెక్క మొదలు దగ్గర చిన్న బీట పడినా హౌసింగ్ పనికిరాకుండా పోయినట్టే.

బరువు మీద యుద్ధం

ఆ హౌసింగ్‌ను చాలా ఏళ్ల పాటు మెగ్నీషియంతో పోత పోశారు. ఘన సెంటీమీటరు మెగ్నీషియం 1.74 గ్రాములు తూగితే అల్యూమినియం 2.7, ఉక్కు 7.8 గ్రాములు తూగుతాయి. ప్రతి గ్రామూ లెక్కపెట్టుకోవాల్సిన అవసరం 911కి ఉంది. దాని ఇంజిన్ మొత్తం వెనక ఇరుసుకు అవతల వేలాడుతూ ఉంటుంది. మలుపులో హఠాత్తుగా యాక్సిలరేటర్ వదిలితే తోక ముందుకు రావాలని చూస్తుంది. 1969 మోడల్‌కి చక్రాల మధ్య దూరాన్ని 2,211 మిల్లీమీటర్ల నుంచి 2,268కి పెంచారు. అదే ఏడాది ఒక పెద్ద బ్యాటరీ తీసేసి, ముందు మూలల్లో చెరో చిన్న బ్యాటరీ పెట్టారు. అన్నీ వెనక బరువుకు విరుగుడుగా చేసినవే.

అంతకు ముందే, 1968 మోడల్ నుంచి, ఇంజిన్ క్రాంక్‌కేసును కూడా అల్యూమినియం మాని మెగ్నీషియంతో పోయడం మొదలుపెట్టారు. బీటిల్ ఇంజిన్లు లక్షల సంఖ్యలో ఆ లోహంతోనే తయారయ్యే రోజులవి. తేలికదనానికి మూల్యం మాత్రం తర్వాత తెలిసింది. 1970ల నడుమ వచ్చిన 2.7 లీటర్ల ఇంజిన్లలో సిలిండర్ హెడ్లను బిగించి ఉంచే స్టడ్లు వేడికి మెగ్నీషియం మరల్లోంచి ఊడిరావడం మొదలైంది. 1978లో 911 ఎస్‌సీ వచ్చేసరికి క్రాంక్‌కేసు మళ్లీ అల్యూమినియం దారి పట్టింది. వేడిలో మెత్తబడటం, తేమలో కరిగిపోవడం మెగ్నీషియంకున్న రెండు బలహీనతలు. క్రాంక్‌కేసును మొదటిది దెబ్బతీసింది. ఫ్యాను హౌసింగ్‌కు రెండోది శాపమైంది.

ఎలా పట్టేస్తుంది?

రెండు వేర్వేరు లోహాలు ఆనుకుని ఉండి, మధ్యలో కాస్త ఉప్పు తేమ చేరితే అదొక చిన్న బ్యాటరీ అవుతుంది. రెంటిలో చురుకైన లోహం కరుగుతుంది, రెండోది బతికిపోతుంది. ఏది ఎంత చురుకో కొలవడానికి రసాయన శాస్త్రవేత్తల దగ్గర వోల్టుల పట్టిక ఉంది. ఇనుము మైనస్ 0.44, అల్యూమినియం మైనస్ 1.66, మెగ్నీషియం మైనస్ 2.37. ఇళ్లూ వాహనాలూ కట్టే లోహాల్లో ఇంతకంటే తేలిగ్గా కరిగిపోయేది లేదు.

ఈ గుణాన్నే మనిషి తన పనికి వాడుకున్నాడు. మన స్నానాల గదిలోని గీజర్ విప్పితే లోపల ఓ మెగ్నీషియం కడ్డీ ఉంటుంది. బోరు నీళ్లలోని లవణాలు ఉక్కు ట్యాంకును తినేయకుండా ముందు ఆ కడ్డీని తింటాయి. కొన్నాళ్లకు సర్వీసు కుర్రాడు వచ్చి బక్కచిక్కిన కడ్డీ తీసేసి కొత్తది పెడతాడు. ట్యాంకు కోసం ప్రాణమివ్వడమే దాని ఉద్యోగం. 911 హౌసింగ్‌లోనూ జరిగేది అదే రసాయనం. కాకపోతే ఇక్కడ కరిగిపోతున్నది మనం కాపాడుకోవాల్సిన లోహం.

ఆల్టర్నేటర్ ఒంట్లో అటూ ఇటూ అల్యూమినియం ఫ్రేములు, నడుమ స్టేటర్ అనే ఇనుప పలకల కట్ట ఉంటాయి. ఇంజిన్ మూతకున్న జాలీ ఈ మొత్తానికీ సరిగ్గా పైన ఉంటుంది. వాన చినుకులూ, కారు కడిగిన నీళ్లూ అందులోంచి జారతాయి. జర్మనీలోనూ, అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లోనూ చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు తుంపర్లను ఫ్యాను శ్రద్ధగా లోపలికి లాక్కుంటుంది. మెగ్నీషియం తెల్లటి పొడిగా మారుతుంది. గాలి తగిలినప్పుడు అల్యూమినియం మీద ఏర్పడే పొర దట్టంగా ఉండి లోపలి లోహాన్ని కాపాడుతుంది. మెగ్నీషియం మీద పొరకు ఆ చిక్కదనం లేదు, కింద లోహం కరగడం ఆగదు. పక్కన స్టేటర్ ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు తాను పుట్టిన ఇనుము కంటే రెట్టింపుకు పైగా చోటు అడుగుతుంది. సన్నటి సందులో చోటెక్కడిది? ఆ ఒత్తిడంతా రెండు గోడల మీద పడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ సందు మూసుకుపోయి, ఆల్టర్నేటర్, హౌసింగ్ ఒకే ముద్దగా బిగుసుకుంటాయి.

షెడ్డు భాషలో చెప్పాలంటే ‘పట్టేసింది’.

ముందు తేల్చుకోవాల్సిన లెక్క

ఇక్కడ చాలామంది సుత్తి అందుకుంటారు. అంతకంటే ముందు ఓ ప్రశ్న వేసుకోవాలి: రెంటిలో ఏది పోయినా ఫర్వాలేదు?

ఆల్టర్నేటర్‌కు ప్రత్యామ్నాయాలున్నాయి. బేరింగులు, బ్రష్షులు, డయోడ్లు మారిస్తే పాతదే మళ్లీ పనిచేస్తుంది. అది కుదరకపోతే రీబిల్ట్ చేసినవీ, కొత్తవీ దొరుకుతాయి. మొదట్లో 911కి 490 వాట్ల ఆల్టర్నేటర్ ఉండేది. 1984లో వచ్చిన 3.2 లీటర్ల కరెరాకు 1,260 వాట్లది వేశారు. అంటే కంపెనీయే ఏళ్ల తరబడి దాన్ని మారుస్తూ వచ్చింది. హౌసింగ్ సంగతి వేరు. ఆ ఏడాది, ఆ మోడల్‌కు సరిపోయే అసలు పోత దొరకాలంటే మరో పాత కారు విప్పాల్సిందే. పాత కార్ల ధరలు ఆకాశాన్నంటుతున్న కొద్దీ వాటి విడిభాగాలూ అదే దారి పట్టాయి.

లెక్క తేలిపోయింది. కాపాడాల్సింది హౌసింగ్‌ను. త్యాగం చేయాల్సి వస్తే ఆల్టర్నేటర్‌ను. ఈ ఒక్క మాట మనసులో పెట్టుకుంటే తర్వాత చేసే ప్రతి పనికీ దారి దొరుకుతుంది: దెబ్బ పడితే ఎవరి మీద పడాలి, పుల్లర్ కొక్కెం ఎవరికి తగిలించాలి, చివరికి రంపం ఎవరిని కోయాలి. చాలామంది తలకిందులుగా ఆలోచిస్తారు. ఇరుక్కున్న వస్తువును బయటికి తీయాలన్న తొందరలో దాన్నే విలువైనదిగా చూస్తూ, చుట్టూ ఉన్న గూడును పగలగొట్టుకుంటారు.

విప్పే వరస

ఇంజిన్ కిందికి దించాల్సిన పనిలేదు. మొదట బ్యాటరీ నెగటివ్ తీగ తీసేయాలి. ఆల్టర్నేటర్ వెనకున్న లావు తీగ నేరుగా బ్యాటరీ పాజిటివ్‌కి కలిసి ఉంటుంది. పానా దానికీ ఇంజిన్‌కీ ఒకేసారి తగిలిందా, వెల్డింగ్ షెడ్డులోని మెరుపులు అక్కడే చూడొచ్చు.

తర్వాత పుల్లీ. ఇరుసు కొసన నట్టు విప్పుతుంటే పుల్లీ తిరగకుండా పట్టుకోవడానికి ప్రత్యేకమైన పట్టుడు పానా కావాలి. దాన్ని కారుతో పాటు ఇచ్చే పనిముట్ల సంచిలోనే పెట్టేవారు. బెల్టు మార్చడం అప్పట్లో యజమాని పని. పుల్లీ రెండు పళ్లేలుగా విడిపోతుంది. వాటి మధ్య పలుచని వాషర్లు ఉంటాయి. బెల్టు బిగుతును సరిచేసేది ఈ వాషర్లే. మధ్యలోంచి ఒకటి తీసేస్తే పళ్లేలు దగ్గరికొస్తాయి, బెల్టు పైకెక్కి బిగుస్తుంది. తీసిన వాషర్‌ను పారేయకూడదు, బయటి వైపు నట్టు కింద పెట్టాలి. మొత్తం 6 ఉండాలి. విప్పేటప్పుడే లోపలెన్ని, బయటెన్ని అని రాసిపెట్టుకోవడం మంచిది.

హౌసింగ్‌ను ఇంజిన్‌కు కట్టి ఉంచేది చుట్టూ తిరిగి వచ్చే ఇనుప పట్టీ. దాని బోల్టు వదులు చేసి, పైనున్న ఫైబర్ గ్లాస్ మూత బోల్టులు తీస్తే మొత్తం కూర్పు వెనక్కి జరుగుతుంది. ఆత్రంగా లాగితే వెనకున్న తీగలు తెగుతాయి. కాస్త జరిపి, తీగలు ఏది ఎక్కడుందో ఫోనుతో ఫొటో తీసుకుని, ఒక్కొక్కటీ విప్పాలి. ఆ తర్వాత బల్ల మీదికి చేర్చాలి.

ఫ్యాను ఇరుసు మీద ఓ చిన్న అర్ధచంద్రాకారపు కీ సాయంతో కూర్చుంటుంది. మామూలుగా చేత్తోనే వస్తుంది. రాకపోతే నడుమ భాగానికి పుల్లర్ పట్టించాలి. రెక్కల సందున స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తకూడదు. కీ ఎక్కడైనా జారి పడిపోతే వెతికిపట్టుకోవడం పెద్ద తలనొప్పి, వెంటనే తీసి డబ్బాలో వేయాలి. తర్వాత ఆల్టర్నేటర్‌ను బిగించిన నట్లు తీసేస్తే, తుప్పు లేని కారులో అది బొటనవేళ్లతో నొక్కితే జారిపోవాలి.

జారలేదంటే కుర్చీ లాక్కుని కూర్చోవాలి. ఇక తొందరకు చోటు లేదు.

నూనె, ఓపిక

మొదటి మందు తుప్పు వదిలించే నూనె. సందు చుట్టూ వేసి, రాత్రంతా వదిలేసి, మర్నాడు మళ్లీ వేయాలి. పాత కార్ల వాళ్లు అసిటోన్‌ను ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్‌తో సగంసగం కలిపి వాడే చిట్కా ఒకటుంది. పల్చబడిన నూనె సన్నటి సందుల్లోకి బాగా దిగుతుంది. కానీ అసిటోన్ భగ్గున అంటుకునే పదార్థం. వేడి చేసే ఆలోచన ఉంటే ముందు దాన్ని పూర్తిగా ఆరనివ్వాలి, తుడిచేయాలి. ఆ మిశ్రమం పూసిన హౌసింగ్‌ను వంటింటి ఓవెన్‌లో పెట్టిన ఆసామికి నిప్పు కంటే ముందు ఇల్లాలితో ప్రమాదం.

వేడి చెప్పే లెక్క

అసలు మందు వేడి. అయితే ఎలా పడితే అలా వేడి చేస్తే లాభం లేదు. ఎందుకో అంకెలు చెబుతాయి.

వేడికి మెగ్నీషియం, అల్యూమినియం, ఉక్కు అన్నీ వ్యాకోచిస్తాయి, ఒక్కోటి ఒక్కోలా. 100 మిల్లీమీటర్ల వెడల్పున్న మెగ్నీషియం వలయాన్ని 80 డిగ్రీలు వేడెక్కిస్తే దాని రంధ్రం దాదాపు 0.21 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అంతే వెడల్పున్న అల్యూమినియం ముక్కను అంతే వేడి చేస్తే 0.18 పెరుగుతుంది. రెంటినీ కలిపి ఓవెన్‌లో పెట్టి ఒకే వేడికి తెచ్చామనుకోండి. మనకు మిగిలే సందు 0.02 మిల్లీమీటర్ల చిల్లర. న్యూస్‌ప్రింట్ కాగితం మందంలో మూడో వంతు. తుప్పు పొడి దాన్ని వెక్కిరిస్తుంది.

హౌసింగ్‌ను మాత్రమే వేడెక్కించి, ఆల్టర్నేటర్‌ను చల్లగా ఉంచగలిగితే? మొత్తం 0.21 మన చేతికొస్తుంది. కాగితం మందానికి మూడు రెట్లు. పట్టు సడలడానికి ఇది చాలావరకు సరిపోతుంది.

కాబట్టి కిటుకు వేడిలో లేదు, తేడాలో ఉంది. బాగా కుదిరే పద్ధతి ఇది. మొత్తం కూర్పును పాలిథిన్ కవర్లో చుట్టి ఓ రాత్రంతా డీప్‌ఫ్రీజర్లో ఉంచుతారు. పొద్దున్నే తీసి, లోపలి వలయం చుట్టూ వేడిగాలి గన్‌ను తిప్పుతూ పోతారు. పలుచని మెగ్నీషియం పోత నిమిషాల్లో వేడెక్కుతుంది. రాగి, ఇనుము నిండిన ఆల్టర్నేటర్ బరువైనది, దానికి చలి వదలడానికి చాలా సేపు పడుతుంది. ఆ కాస్త వ్యవధే మెకానిక్‌కు దొరికే అవకాశం. వలయం మీద నీటి చుక్క వేస్తే చుయ్‌మని ఎగిరిపోయేంత వేడి చాలు. అంతకు మించి ఎర్రగా కాల్చాలనుకోవడం అత్యాశ.

ఒకసారికి రాకపోతే నిరాశపడనక్కర్లేదు. మళ్లీ చల్లారనివ్వాలి, నూనె వేయాలి, ఆరాక మళ్లీ వేడి చేయాలి. ప్రతి వ్యాకోచానికీ, సంకోచానికీ మధ్యనున్న తుప్పు పొర కొంచెం కొంచెం నలిగి పొడి అవుతుంది.

ఎక్కడ ఆనించాలి, ఎక్కడ నొక్కాలి

సడలిన ఆల్టర్నేటర్‌ను నొక్కి బయటికి పంపాలి, ఫ్యాను వైపు నుంచి ఇంజిన్ వైపుకు. ఇక్కడే ఎక్కువ హౌసింగులు బలైపోతాయి. బయటి పెద్ద వలయాన్ని బల్ల మీద ఆనించి నడుమ నొక్కారనుకోండి. ఆ బలమంతా లోపలి వలయం నుంచి బయటి వలయానికి పలుచని రెక్కల గుండానే ప్రయాణించాలి. రెక్కల మొదళ్లలో ‘టక్’మన్న శబ్దం వినపడిందంటే ఇక చేయగలిగేది లేదు.

అందుకని లోపలి వలయానికే కింద ఆధారం ఇవ్వాలి. ఆల్టర్నేటర్ దూరిపోయేంత లోపలి వెడల్పున్న మందపాటి గొట్టాన్ని దాని కింద నిలబెట్టాలి. అప్పుడు నొక్కుడు బలం వలయం గోడ నుంచి నేరుగా గొట్టంలోకి దిగుతుంది, రెక్కల జోలికి పోదు. గొట్టం అంచుకు పలుచని చెక్కో, గట్టి రబ్బరో పెడితే ఇంకా మేలు.

పై నుంచి నొక్కేది ఇరుసు మీద కాదు. ఇరుసు మీద పడ్డ ప్రతి దెబ్బా బేరింగుల గోళీల మీద పడుతుంది, మర కొస చదునైపోతుంది, తర్వాత నట్టు ఎక్కదు. ఆల్టర్నేటర్ అల్యూమినియం ఫ్రేము మీద నాలుగు చోట్లా సమానంగా ఆనే మెత్తటి చెక్క దిమ్మను పెట్టి, హైడ్రాలిక్ ప్రెస్‌తో నెమ్మదిగా దించాలి. ప్రెస్ మీటరు చూస్తూ ఉండాలి. సూది ఎక్కుతూ పోతున్నా ఏమీ కదలకపోతే ఆపేయాలి. మళ్లీ ఫ్రీజరే.

ఈ పొరపాట్లు వద్దు
• రెక్కల మధ్య స్క్రూడ్రైవర్, ఉలి దూర్చి పైకెత్తడం.
• మూడు కాళ్ల పుల్లర్ కొక్కేలను హౌసింగ్ అంచుకు తగిలించడం.
• గ్యాస్ వెల్డింగ్ టార్చితో వేడి చేయడం.
• తుప్పు వదలడానికి ఉక్కు వైరు బ్రష్షు పెట్టి రుద్దడం. రాలిన ఇనుప రేణువులు మెగ్నీషియంలో గుచ్చుకుని కొత్త తుప్పుకు బీజం వేస్తాయి.
• రాగి, గ్రాఫైట్ కలిసిన గ్రీజును మెగ్నీషియానికి పూయడం. రెండూ దాన్ని మరింత త్వరగా తినేయిస్తాయి.

నిప్పుతో చెలగాటం

మెగ్నీషియం పెద్ద ముద్దగా ఉన్నప్పుడు అంత తేలిగ్గా అంటుకోదు. వేడిని త్వరగా పక్కకు పంపేస్తుంది కాబట్టి. ఆకురాయితో గీకినప్పుడు రాలే పొడి, లేత్ మిషన్ నుంచి వచ్చే పలుచని చీలికలు మాత్రం నిప్పురవ్వకు భగ్గుమంటాయి. ఒకసారి అంటుకుంటే నీళ్లు పోయడం కూడదు. మండే మెగ్నీషియం నీటిలోంచి ఆక్సిజన్‌ను లాగేసుకుని హైడ్రోజన్‌ను వదులుతుంది. మంట ఆరకపోగా ఎగుస్తుంది.

1955 జూన్ 11న ఫ్రాన్స్‌లోని ల మాన్స్ రేసులో ప్రపంచం దీన్ని చూసింది. మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్‌ఆర్ కారు మరో కారును ఢీకొని, ముక్కలై జనంలోకి దూసుకెళ్లింది. ఎనభై మందికి పైగా చనిపోయారు. ఆ కారు ఒళ్లు మెగ్నీషియం మిశ్రమలోహంతో చేసింది. మంటల మీద నీళ్లు చల్లితే మరింత పెరిగాయి. రేసింగ్ చరిత్రలో అంతటి ఘోరం మరొకటి లేదు. గ్యారేజీలో ఆల్టర్నేటర్ విప్పే పని అంత ప్రమాదకరం కాదు. అయినా ఓ బకెట్టు పొడి ఇసుక పక్కనుంచుకోవడం, పొడి రాలిన బల్లను ఎప్పటికప్పుడు తుడవడం, గ్రైండర్ రవ్వలను దూరంగా ఉంచడం మర్చిపోకూడదు.

చివరి అస్త్రం

నూనె, చలి, వేడి, ప్రెస్... ఏదీ పనిచేయని మొండి ఘటాలూ ఉంటాయి. అప్పుడు ముందు వేసుకున్న లెక్కను అమలు చేయాలి: ఆల్టర్నేటర్ పోతుంది, హౌసింగ్ ఉంటుంది.

పని లోపలి నుంచి మొదలవుతుంది. ఆల్టర్నేటర్ ఫ్రేములను కలిపి ఉంచే పొడవాటి బోల్టులు విప్పి, వెనక ఫ్రేమును విడదీస్తారు. తిరిగే భాగమైన రోటార్‌ను బయటికి తీస్తారు. రాగి చుట్లు కోసి లాగేస్తారు. ఇప్పుడు వలయానికి అంటుకుని మిగిలేది బోలుగా ఉన్న స్టేటర్ ఇనుప కట్ట, కొంత అల్యూమినియం. దాని గోడకు లోపలి వైపు నుంచి చేతి రంపంతో నిలువుగా గాటు పెడతారు. కరెంటు కట్టర్ పెట్టకపోవడానికి కారణం పైన చెప్పుకున్న రవ్వలే. గాటు మెగ్నీషియాన్ని తాకకముందే ఆపడంలో ఉంది పనితనమంతా. వెంట్రుక మందం మిగిల్చి ఆపగలిగితే, ఆ చోట ఉలితో లోపలికి ఒత్తగానే స్టేటర్ కట్ట పట్టు విడిచి ముడుచుకుంటుంది. బయటికి తోసుకొస్తున్న తుప్పుకు ఎదురుపడకుండా, లోపలి ఖాళీలోకే దాన్ని రప్పిస్తున్నామన్నమాట.

అప్పటికి బల్ల మీద ఉండేది ఓ పాడైన ఆల్టర్నేటర్, ఒక్క బీటా లేని హౌసింగ్. లెక్క సరిపోయినట్టే.

స్కూటర్ మెకానిక్‌కు తెలిసిన సంగతి

ఫ్యాను, కరెంటు ఒకే ఇరుసు మీద పెట్టే ఆలోచన మన రోడ్లకు కొత్త కాదు. పాత బజాజ్ చేతక్ పక్క డొప్ప తీసి చూసినవాళ్లకు ఇది బాగా తెలుసు. ఇంజిన్ కొసన తిరిగే ఫ్లైవీల్‌లో లోపలి వైపు అయస్కాంతాలు, బయటి వైపు ఫ్యాను రెక్కలు. అయస్కాంతాలు తిరిగి కరెంటు పుట్టిస్తాయి, రెక్కలు సిలిండర్ మీదికి గాలి తోస్తాయి. ఇటలీ వెస్పా నుంచి వచ్చిన కూర్పు అది.

వెస్పా వంశంలోని చాలా మోడళ్లలో ఇంకో చిన్న ఏర్పాటు కూడా ఉంది. ఫ్లైవీల్ నట్టు బయటి వైపు ఓ సర్‌క్లిప్ అడ్డు ఉంటుంది. నట్టు విప్పుతూ పోతుంటే అది వచ్చి క్లిప్పును ఆనుకుంటుంది. ఇంకా తిప్పితే ఆ నట్టే ఫ్లైవీల్‌ను ఇరుసు మీంచి బయటికి లాగేస్తుంది. వేరే పుల్లర్ అక్కర్లేదు, సుత్తి అసలే అక్కర్లేదు. ఏనాడో ఒకనాడు దీన్ని ఎవరో ఊడదీయాల్సి వస్తుందని ఆ ఇంజినీరు గీత గీసేటప్పుడే తలచుకున్నాడు. ఖరీదైన జర్మన్ కారులో చోటు దొరకని ఆ ముందుచూపు మధ్యతరగతి స్కూటర్లో ఉంది.

911 కూడా కొంత నేర్చుకుంది. 1989లో వచ్చిన 964 తరంలో ఫ్యానుకొక బెల్టు, ఆల్టర్నేటర్‌కొక బెల్టు ఇచ్చారు. రెండూ వేర్వేరు వేగాల్లో తిరగడం మొదలుపెట్టాయి. చోటు మాత్రం మారలేదు, ఆల్టర్నేటర్ ఫ్యాను నడుమే ఉండిపోయింది. 1998లో గాలితో చల్లబడే చివరి 911 తయారై బయటికొచ్చాక ఆ కూర్పుకు తెరపడింది. తర్వాతివన్నీ నీళ్ల రేడియేటర్ కార్లే.

మళ్లీ ఊడేలా బిగించండి

ఇప్పటిదాకా తయారైన తమ కార్లలో 70 శాతానికి పైగా ఇంకా నడుస్తూనే ఉన్నాయని పోర్షే చెప్పుకుంటుంది. అంటే ఈరోజు విప్పిన ఆల్టర్నేటర్‌ను మరో పాతికేళ్లకు ఇంకెవరో విప్పుతారు. వాళ్ల కష్టం ఎంతన్నది ఈరోజు బిగించే చేతుల్లో ఉంది.

వలయంలోని తెల్ల పొడిని ప్లాస్టిక్ గీకుడుతో, నైలాన్ బ్రష్షుతో తీసేయాలి. బయటపడ్డ లోహానికి మెగ్నీషియం కోసం చేసిన రక్షణ పూత వేయించాలి. దాని మీద పలుచగా, కొలత మారనంత పలుచగా పెయింటు. బిగించే ముందు రెండు లోహాలూ నేరుగా తాకకుండా సన్నటి మైనపు పొరనో, లానోలిన్ గ్రీజునో పూయాలి. అందుకు పట్టే సమయం పది నిమిషాలు. అయితే కరెంటు తిరిగి బ్యాటరీకి చేరే ఎర్త్ దారి ఈ పూతల కింద మూసుకుపోకూడదు. ఎర్త్ తీగ కూర్చునే చోటును మాత్రం శుభ్రంగా, మెరిసేలా ఉంచాలి. లేకపోతే ఆల్టర్నేటర్ కొత్తదైనా ఎర్ర దీపం ఆరదు. అంతా అయ్యాక ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ కొసల మధ్య మీటరు పెట్టి చూస్తే సుమారు 14 వోల్టులు కనిపించాలి.

కొన్నాళ్లు నడిపాక బెల్టు సాగుతుంది, వాషర్లు మళ్లీ సర్దాలి. ఆ పని ఎప్పుడు చేశారో, లోపలెన్ని వాషర్లు మిగిలాయో, ఏ పూత వేశారో ఓ కాగితం మీద తేదీతో రాసి కారు పుస్తకంలో పెట్టేయాలి. ముప్ఫై ఏళ్ల కిందట ఎవరో పొడిగా, పూతా గీతా లేకుండా బిగించి చేతులు దులుపుకున్నందుకే ఇన్నాళ్లకు ఫ్రీజర్లూ, ప్రెస్సులూ, రంపాలూ కావాల్సి వచ్చాయి. ఆల్టర్నేటర్ బయటికి వచ్చిందని మెకానిక్ సంబరపడితే సగం పనే అయినట్టు. తర్వాతివాడి చేతికి బొటనవేలి ఒత్తిడితో వచ్చేలా కూర్చోబెట్టినప్పుడే ఆ పని పూర్తయినట్టు.